సారె చుట్టుకున్న పంకా

కంభం, 12-11-1957

చిరంజీవి ఓబులేసును గంగమ్మ తల్లి చల్లగా చూడాలని కోరుతూ పెద్దక్క వ్రాయునది.

అంకన్న మోటారు పడవకు నువ్వు బాగుచేసి ఇచ్చిన, నీళ్లలో తిరిగే పంకా వణుకుతోందని అతను మార్కాపురం వచ్చి నీ దుకాణం ముందు రచ్చ చేశాడట. ఇక ఆ పడవ ముట్టనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావట. ఆ వణుకు ఏమిటో నిన్న నేను చూశాను.

ఈ ఏడు చెరువు నిండి అలుగు పారింది. జనం పడవెక్కి నడినీళ్లలో గంగమ్మకు రవికెగుడ్డలు, గాజులు సారెగా వదులుతున్నారు. నేనూ వెళ్లాను. తిరిగి వస్తుంటే పడవ వణికి ఆగిపోయింది.

"చూస్తివా అక్కా, నీ తమ్ముని పనితనం!" అని అంకన్న ఎత్తిపొడిచాడు.

గడకర్రలతో ఒడ్డుకు చేర్చి, పంకా పైకెత్తారు. ఓబులేసూ, రెక్కలే కనపడలేదు. పసుపు రవికెగుడ్డలు పొరమీద పొరగా చుట్టుకుని, మధ్యమధ్య గాజులు మెరుస్తూ, అలంకరించిన అమ్మవారే నీళ్లలోంచి లేచినట్టుంది. అందరం చేతులు జోడించాం.

అంకన్న నా వైపు తిరిగాడు. "అక్కా, ఓబులేసును ఊరికే అంటిని. అమ్మ సారె మీద నేను కత్తి పెట్టలేను. ఆయప్పనే రమ్మను."

పడవ కట్టేసే ఉంది. అవతలి గట్టు వాళ్లు చెరువు చుట్టూ నడిచిపోతున్నారు.

నీ ఒట్టు చిన్నదని అనను. అయినా తలస్నానం చేసి రా. కత్తి తేవద్దు. నువ్వు విప్పుతుంటే కొస నేను పట్టుకుంటాను.

మీ పెద్దక్క