ఎడమకు వాలే డిస్క్

ఆదివారం, బందరు.

చర్చి అయ్యాక నా భార్య సునీతతో పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లాను. ఇసుకలో కర్ర పాతి, దానికి చేపల బుట్ట కట్టి, పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసిరి బుట్టలో వేసే డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాను. సముద్రం మీంచి ఎదురుగాలి. తేలిక డిస్కులు రెండూ కుడికి కొట్టుకుపోయాయి. అందుకే గాలికి లొంగని బరువు డిస్క్ తీశాను. అది చివర్లో ఎడమకు వాలుతుందని నాకు తెలుసు. బుట్టకు ఎడమవైపున గవ్వలు ఏరుకుంటున్న సునీతను మాత్రం చూసుకోలేదు.

డిస్క్ అంచు కనుబొమ్మను చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నెమ్మదిగా అడిగింది: "నాకు తగిలాక మీరు ముందు బుట్ట వైపు చూశారు కదండీ?"

లేదన్నాను.

చూశాను. తను ముఖం పట్టుకుని కూలబడుతుంటే, డిస్క్ బుట్టకు ఎంత దూరంలో పడిందో చూశాను.