నా చెట్టుకి వదిలిన చోటు

1986 మే, ఆదివారం రాత్రి, విస్సన్నపేట

ఎంత సంతోషంగా ఉందో! నూజివీడు కాలనీలో అమ్మాయి కట్టుకున్న కొత్త ఇంటి ముందు ఏ మొక్క ఎక్కడ పెట్టాలో ఇవాళ నేనే ముగ్గుపిండితో గుర్తులు పెట్టి వచ్చాను. అక్కడ కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకని నీళ్ళు పెద్దగా అడగని మన నేల మొక్కలే చెప్పాను. గన్నేరు, సీతాఫలం, తంగేడు.

"తంగేడా! అది రోడ్డు పక్క మొక్క కదండీ మామయ్యగారూ, నలుగురూ నవ్వరూ?" అన్నాడు అల్లుడు.

"నవ్వేవాళ్ళ గులాబీలు ఎప్పుడో మాడిపోయాయిలెండి," అంది అమ్మాయి.

తర్వాత నావైపు తిరిగి, "నీకే చెట్టు ఇష్టం నాన్నా?" అని అడిగింది. బతుకంతా ఒకరి మామిడితోటలకి నీళ్ళు పెట్టిన నన్ను ఆ మాట ఎవరడిగారు? మొహమాటంతో "నాకేం వద్దులేమ్మా" అనేశాను.

"అయితే నువ్వు చెప్పేదాకా ఈ చోటు ఖాళీగానే ఉంచుతా," అని గుమ్మం పక్కన ముగ్గుపిండితో సున్నా చుట్టింది, నా బంగారు తల్లి!

తిరిగొచ్చే బస్సులో కూర్చున్నాక తెలిసింది, నాకు పొగడచెట్టు కావాలి. రాలిన పొగడపూలు ఏరి మా అమ్మ దండ గుచ్చేది. కాపు అమ్ముకునే తోటల్లో పొగడకి చోటెవరిస్తారు? మళ్ళీ ఆదివారం దాకా ఎలా ఆగడం? ఇక్కడ అరిస్తే నూజివీడులో వినిపించేట్టయితే, ఈపాటికి ఊరంతా నిద్ర లేచేది.