ఫోర్‌మన్ మావయ్య మూడు జవాబులు

అమ్మలూ,

నీకూ అల్లుడికీ మా దీవెనలు. ఇక్కడ అందరం కులాసా, మీ అమ్మ మోకాళ్లొక్కటే అలిగి కూర్చున్నాయి. కళ్లజోడు మార్పించావా అని అడిగావు. మార్పించాను. ఇప్పుడు మీ అమ్మ కోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

అసలు సంగతి ఉత్తరం చివర్లో రాశావు. మీ ఆఫీసులో కొందరిని తీసేస్తారట, ఎవరినన్నది నీకూ తెలీదట. "ఎవరికీ ఏమీ కాదని చెప్పి పని చేయించు" అని పైవాళ్లు అంటున్నారట. అలా చెప్పనంటే నీ ఉద్యోగానికే ఎసరట. చెప్పమంటావా నాన్నా అని అడిగావు.

మన ఫోర్‌మన్ మావయ్య సంగతి చెబుతాను, విను. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన నా పై అధికారి. ఫ్యాక్టరీ చేతులు మారుతోందని పుకారు లేచింది. ఎక్కడ చూసినా గుసగుసలే. ఆ కంగారులో మావాడొకడు పెట్టెలన్నీ తలకిందులుగా అంటించేశాడు. మావయ్య తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని మా జిగురు డబ్బాల పక్కన వేసుకున్నాడు.

"అడగండ్రా. నా దగ్గర మూడే జవాబులున్నాయి. తెలుసు, తెలీదు, తెలుసుగానీ చెప్పకూడదు."

"జీతాలొస్తాయా సార్?"

"ఈ నెల వస్తాయి, తెలుసు. వచ్చే నెల సంగతి తెలీదు."

"కొత్త యజమాని ఎవరు?"

"తెలుసుగానీ చెప్పకూడదు."

మొదట్లో మాకు ఒళ్లు మండింది. ఓ ధైర్యం మాట చెబితే ఈయన సొమ్మేం పోయింది అనుకున్నాం. కానీ రాను రాను గుసగుసలు తగ్గాయి. తెలియనప్పుడు తెలీదనే మనిషి "తెలుసు" అంటే, ఆ మాట నమ్ముకుని నిద్రపోవచ్చు కదా. భయం ఆయనకూ ఉంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. అయినా ఆ కుర్చీ వదల్లేదు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"నా సంగతేంటి సార్?" అని రోజూ అడిగేవాణ్ణి. "తెలీదు" అనేవాడు. ఒకరోజు నా కళ్లలోకి చూసి, "తెలుసుగానీ చెప్పకూడదు" అన్నాడు. నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే వేరే పని వెతకడం మొదలుపెట్టాను.

నీకు ఇన్నాళ్లూ చెప్పని మాట ఇది. ఆ ఉద్యోగం నేను మానెయ్యలేదమ్మా. తీసేశారు. ఆ మాట చెప్పింది మావయ్యే. కాగితం పంపి ఊరుకోకుండా మనింటికి వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని అన్నీ పడ్డాడు. తిట్లయిపోయాక, "లోపలికి రావచ్చా?" అన్నాడు. రమ్మన్నాను. అప్పటినుంచీ వస్తూనే ఉన్నాడు.

నీకేం కాదురా అని ఆయన ముందే నన్ను మభ్యపెట్టి ఉంటే, తలుపు మొహాన వేసి ఉండేవాణ్ణి.

పైవాళ్ల మాట నువ్వు పలకొద్దు తల్లీ. ఉద్యోగం పోతే పోనీ, మేమున్నాం. నిజం చెబితే నీ కింద పనిచేసేవాళ్లు తిడతారు, పడు. రేపు వాళ్ల గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగే మొహం మాత్రం నీకు మిగలాలి.

ఇట్లు,
ఆ తిట్లకు ఇప్పటికీ సిగ్గుపడే
మీ నాన్న