కొండ మలుపులో దింపిన మంచం

ఆగస్టు 9, ఆదివారం

అన్నయ్యకి నమస్కారం. వదినని అడిగానని చెప్పు. మేమిద్దరం ఒంటికి దెబ్బ తగలకుండా ఇల్లు చేరాం. ప్రస్తుతానికి క్షేమమంటే అంతే.

మీ బావగారు ఎదురుగా కూర్చుని ఈ ఉత్తరం రాయిస్తున్నారు. తిరిగొచ్చాక ఆయన నీకు ఫోన్ చేసి అరిస్తే నువ్వు మారుమాట్లాడలేదట. ఫోన్లో మాట గాలికి పోతుంది, జరిగింది కాగితం మీద ఉండాలి అంటున్నారు. అందుకని మొదట్నించీ రాస్తున్నాను.

మేం మా వ్యానులో బయల్దేరిన రోజు బాగానే ఉంది. నువ్వు అందులో చేసిపెట్టిన మంచం పగలు మడిస్తే బల్ల అయింది. ఎంత కుదుపుకీ అరల తలుపులు తెరుచుకోలేదు. సముద్రం పక్కన ఆపి, టీ కాచుకుని, వెనక తలుపు తెరిచి కూర్చుని తాగాం. పాతికేళ్లు బస్సు నడిపాను గానీ ఇలా కాళ్లు చాపుకుని సముద్రం చూడటం ఇదే మొదలు అన్నారు మీ బావగారు. ఈ మాట ఎందుకు, కొట్టెయ్ అంటున్నారు. రాసేశాను కదా.

మర్నాడు కొండలు మొదలవకముందే గాలివాన పట్టుకుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద సముద్రం. రోడ్డు మీదికి ఎర్రమట్టి కొట్టుకొస్తోంది. ఎక్కడన్నా ఆగుదామండీ అన్నాను. ఇంతకన్నా పెద్ద వానలో బస్సునిండా జనాన్ని వేసుకుని నడిపాను, నువ్వు నాకు డ్రైవింగు నేర్పకు అన్నారు. సగం కొండ ఎక్కేసరికి వ్యాను మొరాయించింది. మొదటి గేరులోనూ కదల్లేదు. వెనక నల్లటి పొగ. నేను దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాను.

మీ బావగారు వెనక్కి తిరిగి అరలకేసి చూశారు. మీ అన్నని వ్యాను చెయ్యమంటే ఇల్లు కట్టి చక్రాల మీద పెట్టాడు, ద్వారబంధాలు చేసే చేతికి తేలికపని ఎక్కడొస్తుంది అన్నారు. వానలోనే మరలు విప్పాం. మంచం, అరలు, గిన్నెల బీరువా అన్నీ మలుపులో దింపేశాం. మంచం బోర్లా పెట్టాను, పైచెక్క తడవకూడదని. మళ్లీ తెచ్చుకునేది లేదని తెలిసీ ఎందుకలా పెట్టానో నాకే తెలియదు.

బరువు దిగాక వ్యాను కొండెక్కింది అని రాయమన్నారు.

మా వీధి కాంపౌండరుగారు తన వ్యాను లోపలిపని నీకే ఇద్దామనుకున్నారు కదా. మీ బావగారు ఆయనకీ ఈ సంగతి చెప్పారట. రెడీమేడ్ తలుపులొచ్చాక మా అన్నయ్యకి పని లేదండీ, ఆ ఒక్క వ్యాను మీదే ఆశ పెట్టుకున్నాడు అని నేనంటే, ఇంకొకడి ప్రాణం మీదికి తెచ్చాక ఏడవమంటావా అన్నారు. ఇకమీదట నువ్వు వ్యాన్ల జోలికి పోవద్దని, కొన్నాళ్లు మా గడప తొక్కవద్దని రాయమన్నారు. రాశాను.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఆయన అంతా చదివి, కవరు అంటించమని చెప్పి బజారుకెళ్లారు. ఇక్కణ్నించి రాసేది నేను.

సామాను దింపాక కూడా వ్యాను కదల్లేదు. చీకటిపడే వేళకి, అటుగా వెళ్తున్న పాలలారీ అతను పై ఊళ్లోంచి మెకానిక్కుని తీసుకొచ్చాడు. మెకానిక్కు బోనెట్ ఎత్తి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి చుట్టిన గోనెగుడ్డ పీకాడు. అది నీళ్లోడుతోంది. ముక్కు మూసి కొండెక్కమంటే ఎలా ఎక్కుద్ది సారూ అని నవ్వాడు. అది చుట్టింది మీ బావగారే, వాన మొదలవగానే, ఇంజన్లోకి నీళ్లు పోతాయని. వానాకాలంలో డిపోలో నిలిపిన బస్సులకి అలాగే చుట్టేవారట. అక్కడ పొద్దున్నే విప్పేవారు. ఇక్కడ చుట్టి నడిపారు.

గుడ్డ తీశాక వ్యాను ఒక్క ఊపున కదిలింది. మంచం, అరలు మళ్లీ ఎక్కిద్దామన్నాను. ఒప్పుకోలేదు. వాటితో కూడా కొండెక్కితే తప్పెవరిదో తేలిపోతుంది కదా.

నిన్న కాంపౌండరుగారింటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశారు. అదేంటమ్మా, మీ అన్నయ్యే వచ్చి బరువు నా పొరపాటేనండీ అని ఒప్పుకుని వెళ్లాడే, ఇప్పుడు నేనెవరి మాట నమ్మాలి అన్నారు. నెలాఖరుకి వేరే వడ్రంగి పని మొదలుపెడతాడట. మా వీధిదాకా వచ్చి నన్ను చూడకుండా వెళ్లిపోయావన్నమాట.

ఈ ఉత్తరం అందగానే కాంపౌండరుగారి దగ్గరికి వెళ్లు. అసలు జరిగింది నువ్వే నోరు తెరిచి చెప్పు. నువ్వు ఒప్పుకుంటే మీ బావ చల్లబడతారు, నా కాపురం సజావుగా సాగుతుంది అనుకున్నావేమో. పెళ్లయిన నాటినుంచీ నేను చేస్తున్న పని అదే అన్నయ్యా. ఆయన చల్లబడలేదు.