అడిగితే ఇవ్వాల్సిన బండి

నౌసోరి,
ఆగస్టు 12, 2023.

ప్రియమైన సెరెయానా వదినకి,

నీ మరదలు ఉనైసి వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. లంబాసాలో నువ్వూ అన్నయ్యా పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. మా పాస్టరు గారు రేపటి విమానానికి మీ ఊరు వస్తున్నారు, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

బడికి వెళ్ళిరావడానికి నా దగ్గరున్నలాంటి చిన్న హైబ్రిడ్ ఎస్‌యూవీ కొనాలనుకుంటున్నావట. మంచీ చెడ్డా వివరంగా రాయమన్నావు. పంతులమ్మవి కదా, ఎంత దూరాన ఉన్నా పరీక్ష పెట్టందే తోచదు నీకు. రాస్తాను, మార్కులు నీ ఇష్టం.

మంచి ముందు చెబుతాను. బండి పెట్రోలు తాగదు. నౌసోరి వంతెన మీద బస్సుల వెనకాల ఇరుక్కుని అందరూ పెట్రోలు తగలేస్తుంటే ఇది ఇంజను ఆపేసుకుని బ్యాటరీ మీద మెల్లగా జరుగుతుంది. వానలకి రోడ్డంతా గుంతలైనా అడుగు తగలదు. అలాగని మరీ పెద్దదీ కాదు, సువా మార్కెట్టు దగ్గర ఏ సందులోనైనా దూరుతుంది. సీటు సరిగ్గా నడుం ఎత్తున ఉంటుంది కనక అమ్మ వంగక్కర్లేదు, ఎగరక్కర్లేదు. నేను కొన్నదే అమ్మ కోసం కదా. మూత్రపిండాలు రెండూ పోయాక వారానికి మూడుసార్లు సువా తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించాలి. అది మానేస్తే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఇక చెడ్డ. జపానులో ఎవరో వాడి వదిలేసిన బండి కనక తెర మీద అక్షరాలన్నీ వాళ్ళవే. స్టార్టు చేయగానే ఒకావిడ ఎంతో మర్యాదగా ఏదో చెబుతుంది. అమ్మ ప్రతిసారీ ఆవిడని 'బులా' అని తిరిగి పలకరిస్తుంది. నడిచేటప్పుడు చప్పుడుండదు. కోళ్ళూ, కుక్కలూ, చర్చి నుంచి కబుర్లాడుకుంటూ వచ్చే ముసలమ్మలూ ఎవరూ తప్పుకోరు. కొండ రోడ్డెక్కిస్తే పొదుపూ గిదుపూ ఉండదు, మామూలు బండిలాగే తాగుతుంది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు చెడ్డ ఏమిటంటే, నేను ముందు రాసిన ఆ మంచే. చుట్టం నోరు తెరిచి అడిగాక లేదనడం మన దీవులవాళ్ళలో ఉందా? నాన్న పాత జీపు ఉన్న రోజుల్లో 'పెట్రోలు లేదు' అంటే గొడవ వదిలేది. అడిగినవాళ్ళ పరువూ దక్కేది, మన పరువూ దక్కేది. ఇప్పుడు ఆ మాట అంటే నవ్వుతారు. 'దీనికి పెట్రోలెందుకే, వాసన చూపిస్తే పోతుందటగా' అంటారు. ఇంకేం చెప్పను? పెళ్ళిళ్ళకీ, రగ్బీ ఆటలకీ, చర్చి సభలకీ అన్నిటికీ మన బండే. ఒకసారి విందుకి పందిని వేసుకెళ్ళారు. ఆ వాసన సీట్లని ఇంకా వదల్లేదు.

జూన్ నెలలో మీ నాన్న వచ్చాడు. కొరోవౌ వైపు చావింటికి ఆనవాయితీ ప్రకారం చాపలు పట్టుకెళ్ళాలన్నాడు. మావయ్య అడిగాక ఆలోచించేదేముంది, తాళం ఇచ్చాను. ఈ బండికి బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. అది గాలి పీల్చుకోవడానికి సీటు పక్కన ఒక చిన్న జాలీ ఉంటుంది. మనవాళ్ళు ఆ జాలీ మూసుకుపోయేలా చాపలు పైకప్పు దాకా పేర్చి, సందుల్లో చేమదుంపల బస్తాలు కుక్కారు. గాలాడక బ్యాటరీ ఉడికిపోయి బండి దారిలోనే పడుకుంది. మెకానిక్ ప్రకాశ్ విప్పి చూసి, జపాను వాళ్ళు ఈ బండి చేసేటప్పుడు మీ చావుల సంగతి ఆలోచించలేదక్కా అన్నాడు. నవ్వాను, ఏం చెయ్యను మరి.

అది బాగయ్యేదాకా అమ్మని బస్సుల్లో లాక్కెళ్ళాను. ఒకసారి బస్సు దొరక్క డయాలిసిస్ తప్పింది. మర్నాటికి కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంది. 

నా మాట అడిగితే, కొనుక్కో వదినా. ఆ జాలీ మీద మాత్రం చేతిరుమాలు కూడా పెట్టనివ్వకు. మా బండి ఇప్పుడు బాగానే ఉంది. అమ్మ కులాసా. మీ నాన్న కులాసా. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ ముద్దుల మరదలు,
ఉనైసి.

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. అమ్మ కులాసాగా లేదు వదినా.

బండి బాగై వచ్చాక మావయ్య ఇంకో చావుకని మళ్ళీ అడగడానికి వచ్చాడు. మర్నాడే అమ్మని సువా తీసుకెళ్ళాలి. ఇవ్వను మావయ్యా, బండి అమ్మ కోసం అని నా నోటితో నేనే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, చాపలు నెత్తిన పెట్టుకుని వానలో లారీ కోసం నిలబడ్డాడు. అమ్మ కిటికీలోంచి చూసింది.

మర్నాడు బండి గుమ్మం ముందు పెట్టి పిలిస్తే రాలేదు. "మా అన్నని వానలో నిలబెట్టిన బండి నేనెక్కను" అంది. టాక్సీ తెచ్చాను. "నా ప్రాణం కోసమే కదే వాడికి లేదన్నావు. అలాంటి ప్రాణం నాకొద్దు" అంది. ఇప్పటికి రెండుసార్లు డయాలిసిస్ తప్పింది. ఏడ్చాను, పాస్టరు గారితో చెప్పించాను, ఏదీ చెవికెక్కలేదు.

తప్పు ఒప్పుకునేటప్పుడు పెట్టాల్సిన తిమింగలం దంతం పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాను. దంతం పుచ్చుకున్నాడు. కోపం లేదని యంగోనా పోసి తాగమన్నాడు. ఆ మాటే అమ్మకి చెబితే, దంతం పెడితే పుచ్చుకోక ఏం చేస్తాడు, ఇకమీదట మనింటికొచ్చి ఏదీ అడగడు చూడు, అంది. అలాగే అయింది. బండి కావాలా మావయ్యా అని నేనే వెళ్ళి బతిమాలితే, ఎందుకమ్మా, మా చెల్లిని తిప్పుకో అంటాడు. ఆ చెల్లెలు ఇంట్లోంచి కదలడం లేదని ఆయనకి తెలీదు. చెప్పకూడదని అమ్మ ఒట్టు వేయించుకుంది. అన్నాచెల్లెళ్ళు ఎదురుపడి మాట్లాడుకోవడం మనలో లేదాయె. ఫోనులో నీకు చెబుదామంటే అది అమ్మ తన తలదిండు కింద పెట్టుకుంది, ఇవ్వడం లేదు.

నీకు చెప్పొద్దని మాత్రం ఒట్టు వేయించుకోలేదు. బండి కొనే సంగతి తర్వాత చూసుకుందువుగాని. ముందు మీ నాన్నకి ఫోను చెయ్యి. చావుకో, పెళ్ళికో, పందిని తోలడానికో, ఏదో ఒక దానికి. మా గుమ్మంలో నిలబడి, అమ్మకి వినబడేలా, బండి కావాలని ఒక్కసారి అడగమను.