పదకొండు గాట్ల కర్ర

అమ్మకు,

నీ పెద్దకూతురు దణ్ణం పెట్టి రాస్తోంది. క్షేమమని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, ఒళ్లు మాత్రం మండిపోతోంది. నువ్వూ తమ్ముడూ బాగున్నారనుకుంటాను. నీ మోకాలికి కట్టు కట్టుకుంటున్నావా, లేక పక్కింటావిడకి సలహాలిచ్చి ఊరుకుంటున్నావా?

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. వేళకి తింటున్నాను. గది తలుపుకి గడియ పెట్టించాను. జుట్టు కత్తిరించుకున్న మాట నిజమే. పాలిష్ పొడి పడి అట్టలు కడుతోంది. మళ్లీ పెరుగుతుందిలే, దానికి ఏడవకు. పని కష్టమా అన్నావు. పనిదేముందమ్మా, మనుషులతోనే చావు. వేలంశాలకి వచ్చేవన్నీ పాత సామాన్లే. కత్తులు, పతకాలు, ఎప్పుడో పోయిన సైనికుల టోపీలు, ఎవరి మెడలోవో నగలు, టైకి గుచ్చుకునే పిన్నులు, చేతికర్రలు. వాటి దుమ్ము దులిపి, నంబరు చీటీ కట్టి, వేలంపాట రోజున వేదికెక్కి అందరికీ కనబడేలా ఎత్తి చూపించాలి. అంతే నా పని.

"ఆ కర్రల్లో మా నాన్నది కనిపిస్తే చెప్పవే" అని నవ్వులాటకి రాశావు కదా. పదకొండు గాట్లు, పిడి దగ్గర చిన్నప్పుడు నువ్వు పొయ్యిలో పెట్టి కాల్చిన మచ్చ, ఇత్తడి పట్టీ మీద మేకుతో గీసిన పేరూ, మిల్లు టోకెన్ నంబరూ అని ఆనవాళ్లు కూడా రాశావు.

కనిపించిందమ్మా. నూట నలభై రెండో నంబరు. చీటీ కట్టింది నేనే.

తాత పోయాక మావయ్య మంచంతో పాటు పాతసామాన్లవాడికి తోసేశాడే, ఆ కర్రే. ఎన్ని చేతులు మారిందో గానీ, మారిన కొద్దీ గొప్పదైపోయింది. తాత ఇంట్లో గుమ్మం వెనకాల పడుండేది, ఇక్కడ అచ్చులోకి ఎక్కింది. జాబితాలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, చదువు: "యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైన్యాధికారి చేతికర్ర. పిడి దగ్గర తుపాకీ మందుకు కాలిన గుర్తు. పదకొండు గాట్లు, ఆయన చేతిలో హతమైన పదకొండుమంది శత్రువులకు గుర్తులు."

పదకొండుమంది! తాత బొద్దింకని చంపాలన్నా అమ్మమ్మని కేకేసేవాడు కదే!

మిల్లులో పత్తి బేలు కింద కాలు నలిగిన మనిషి. కూర్చుని చేసే పనేదైనా ఇప్పించండి బాబూ అని మిల్లు గేటు దగ్గరికి వెళ్లిన మనిషి. వెళ్లిన ప్రతిసారీ "రేపు రా" అంటే, ఇంటికొచ్చి కర్ర మీద ఒక గాటు పెట్టిన మనిషి. పదకొండు సార్లు వెళ్లి మానేశాడని నువ్వే చెప్పావు. ఆ గాట్లని వీళ్లు శవాలు చేశారు.

జాబితా రాసేది మా కళ్లజోడాయన. నేరుగా ఆయన బల్ల దగ్గరికే వెళ్లాను.

"అయ్యా, ఈ గాట్ల సంగతి మీకెవరు చెప్పారు?"

"కర్రే చెప్పింది."

"నాకు వేరేలా చెప్పిందే! ఇది మా తాతది. మిల్లు కూలీ."

తల కూడా ఎత్తలేదు. "మిల్లు కూలీ కర్ర ఎవడు కొంటాడమ్మాయ్, పొయ్యిలో పెట్టుకోవడానికా? కాలు పోయినా హోదాగా పోవాలి."

ఆ మాటకి నా చేతిలో ఉన్న టోపీ నలిగిపోయింది. అదెవరిదో పాపం.

"సరే, రుజువుందా?" అన్నాడు. దాని సంగతి తర్వాత రాస్తాను.

పాట రోజు వచ్చింది. సుత్తి పట్టుకునేది మా యజమానే. అధికారి కథ గొంతు వణికిస్తూ చదివాడు. ముందు వరసలో ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. నేను కర్ర ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను, కింద ఇనప పొన్ను ఒకవైపే అరిగి ఏటవాలుగా ఉంది. తాత కుడికాలు లోపలికి ఈడుస్తూ, కర్రని పక్కకి వాల్చి నడిచేవాడు కదా. చిన్నప్పుడు ఆయన వెనకాలే అలా నడిచి నీచేత వీపు విమానం మోత మోగించుకున్నాను, గుర్తుందా?

కర్ర దించాను. వేదిక మీద ఆ చివర నుంచి ఈ చివరికి తాతలా నడిచాను. కర్ర వాల్చేసరికి పొన్ను నేలకి అతుక్కుపోయినట్టు ఆనింది. టక్కుమని కర్ర, జర్రుమని కాలు.

"ఇది ఏ అధికారిదీ కాదండీ. ఆరడుగుల మనిషి దీన్ని పట్టుకుంటే వంగి చీమల్ని లెక్కపెట్టుకోవాలి. పొట్టివాడు మా తాత, పత్తి బేలు కింద కాలు నలిగాక నడిచిన నడక ఇది" అన్నాను.

వెనకెవరో నవ్వారు. యజమాని సుత్తి ఎత్తి, "అచ్చులో ఉన్నదే మాకు ప్రమాణం. అమ్మాయ్, నోరు మూసుకుని వస్తువు ఎత్తిపట్టు" అన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. టైకి ముత్యాల పిన్ను పెట్టుకొచ్చే పెద్దమనిషి పాడుకున్నాడు.

మెట్ల దగ్గర ఆయన్ని ఆపాను. "నువ్వు నడిచింది చూశానమ్మా, నిజమేననిపించింది" అన్నాడు.

"మరెందుకు పాడారండీ?"

"కర్ర నచ్చింది. నా అల్మారాలో ప్రతి వస్తువు ముందూ ఒక చీటీ ఉంటుంది. మీ ఆఫీసువాళ్లు తప్పు రాశామని రాసిస్తే ఆ చీటీ మారుస్తాను. నోటిమాటకి మార్చను."

ఈ ఊళ్లో నాతో తిన్నగా మాట్లాడినవాడు ఆయనొక్కడే. కొన్నవాడే కావడం నా ఖర్మ.

ఇప్పుడు రుజువు సంగతి. ఇందాకట్నుంచీ దీన్ని తప్పించుకుంటూనే రాస్తున్నాను. కర్ర వచ్చిన రెండు వారాలకి గానీ నీ ఉత్తరం రాలేదు. ఆలోగా, తాతదని పోల్చుకోలేక, పిడి కింద ఇత్తడి పట్టీ నల్లగా ఉందని శుభ్రం చేశాను. నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నదే. మెరిస్తే మంచిదనుకున్నాను. గరుకు కాగితంతో ఒకసారి, పాలిష్‌తో రెండుసార్లు. ఏవో గీతలుంటే అవి పోయేదాకా రుద్దాను. "పాత ఇత్తడికి ఆ నలుపే విలువే పిల్లా" అని కళ్లజోడు అరిస్తే, మురికికి విలువేంటండీ అని ఎదురు కూడా తిరిగాను. నీ ఉత్తరం చదివి గోదాములోకి పరిగెత్తాను. తాత పేరుండాల్సిన చోట నా మొహం కనిపించింది.

వాళ్లు అబద్ధం రాయడానికి చోటు ఖాళీ చేసిచ్చింది నేనేనమ్మా. తిట్టు. తిట్టాల్సిందే.

ఇప్పుడు నన్ను వేదిక ఎక్కనివ్వడం లేదు, గోదాములో చీటీలు కట్టిస్తున్నారు. సాయంత్రం పనయ్యాక మేడ మీద యజమాని గదికి వెళ్తున్నాను. "జాబితాలో తప్పు పడిందని ఒక్క ముక్క రాసివ్వండి" అని అడుగుతున్నాను. మొదటి రోజు తల ఎత్తకుండా ఏమన్నాడో తెలుసా? "రేపు రా."

కిందికి దిగి, చీటీల దారం కోసే కత్తి తీసి, దుమ్ము దులిపే బ్రష్షు పిడి మీద ఒక గాటు పెట్టాను. ఇవాళ్టికి నాలుగు.

ఊరుకోవే, ఉన్న పని పోగొట్టుకుంటావు అని రాస్తావని తెలుసు. అలాగే రాయి. కానీ అదే కాగితం మీద తాత పేరు, టోకెన్ నంబరు, మిల్లు పేరు నీ చేత్తో రాసి కింద సంతకం పెట్టి పంపించు. తాత పదకొండు దగ్గర ఆగాడంటే ఆ కాలితో అంత దూరం వెళ్లలేక ఆగాడు. నా కాళ్లు రెండూ బాగున్నాయి. బ్రష్షు పిడి కూడా పొడుగ్గానే ఉంది.

ఇట్లు,
మిల్లు కూలీ మనవరాలు,
నీ మొండిపిల్ల