గొయ్యిని చూస్తే మీకేమనిపిస్తోంది?

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది ఏమనగా,

నీ ఫోను మోగదు. మీ ఆఫీసుకి చేస్తే ట్రైనింగ్‌కి వెళ్లావని, ఉత్తరం రాస్తే అందుతుందని చెప్పారు. తల నెరిశాక నీకు ట్రైనింగ్ ఏమిట్రా? సరే, అది తర్వాత.

మీ గ్యాస్ కంపెనీ వాళ్లు నా కుట్టు షాపు ముందు గొయ్యి తవ్వారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి, నడుం లోతు. పైపు వేశారు, వెళ్లిపోయారు. పూడ్చలేదు. తీసిన మట్టి పక్కనే కుప్పగా ఉంది, దాని మీద గడ్డి కూడా మొలిచింది. దాటడానికి నా గుమ్మం ముందు ఒక చెక్క వేశారు. దాని మీద పిల్లి కూడా ఆలోచించి అడుగేస్తోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, నాకు ముందే గొయ్యి, వెనక గోడ.

బడి పెద్దపంతులమ్మ యూనిఫాంల ఆర్డరు ఇవ్వడానికి వస్తానంది. ఏడాదంతా నా షాపు నడిచేది ఆ ఒక్క ఆర్డరు మీదే, నీకు తెలియనిది కాదు. ఆవిడ నిండైన మనిషి. చెక్కేమో సన్నం. దాటలేకపోతే వెనక వీధి టైలరుకి ఇచ్చేస్తుంది. వాడు ఇప్పటికే నన్ను చూసినప్పుడల్లా ఈల వేస్తున్నాడు. గొయ్యి తవ్వినందుకు కాదు గానీ, వాడు ఈల వేస్తున్నందుకు నాకు ఒళ్లు మండుతోంది.

ఇన్నేళ్లూ ఆ కంపెనీకే కదా పైపులు అతికించావు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పి పూడ్పించు.

ఇట్లు,
గొయ్యికి ఇవతల నుంచి,
నీ అక్క

తా.క.: మీ బావ నిన్న గొయ్యిలో పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. చల్లగా ఉందని ఇవాళ మళ్లీ దిగారు.

*

అక్కకి నమస్కారాలు.

ఇక్కడికి రాగానే మా ఫోన్లన్నీ డబ్బాలో వేసి తాళం పెట్టారు. ఎదుటివాళ్ల మాట వినడం అలవాటు కావాలట.

నన్నెందుకు పంపారంటావా? మొన్న జనంతో మీటింగు పెట్టారు. ఒకాయన లేచి "పైపు పేలితే మా గతేమిటి?" అని అడిగాడు. ధైర్యం చెబుదామని, "భయపడకండి, పేలితే మీకు తెలిసేలోపే అంతా అయిపోతుంది" అన్నాను. అందులో అబద్ధమేముంది? అయినా పంపించారు. ఇందులో పాస్ కాకపోతే మళ్లీ పైపు ముట్టుకోనివ్వరట.

మాకు చెప్పేది ఏమిటంటే, పైపు పగిలితే, అతుకు ఊడితే అది టెక్నికల్ ప్రమాదం. మనుషులకి కోపం వచ్చి రోడ్డు మీద కూర్చుంటే, కోర్టుకెక్కితే అది నాన్-టెక్నికల్ ప్రమాదం. పనులు ఆగిపోయేది ఎక్కువగా రెండో దాని వల్లేనట. అంటే పైపు కంటే మనిషే ప్రమాదం. మా అక్కని ఎరిగినవాణ్ని, నాకు ఇది కొత్త సంగతా?

నీ ఉత్తరం మా ట్రైనర్ మేడమ్‌కి చూపించాను. చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎంత చక్కని ఫిర్యాదు!" అని క్లాసులో అందరికీ కాపీలు తీయించింది. నీ దగ్గరికి మనుషుల్ని పంపిస్తానంది. ఇంకేం, పని అయిపోయినట్టే.

ఇట్లు,
చెవులు సానబెట్టుకుంటున్న
నీ తమ్ముడు

తా.క.: ఎవరితో మాట్లాడినా ఈ ప్రశ్న అడక్కుండా ముగించకూడదట. నీకు ఇంకేమైనా చెప్పాలని ఉందా?

*

తమ్ముడికి దీవెనలు.

మీ మేడమ్ మాట నిలబెట్టుకుంది. ఇద్దరు వచ్చారు. చేతుల్లో పారలు కనబడలేదు, వెనక లారీలో వస్తున్నాయేమో అనుకున్నా. కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు, బిస్కెట్లు కూడా.

"అమ్మా, ఈ గొయ్యిని చూస్తే మీకేమనిపిస్తోంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పూడ్చాలనిపిస్తోంది" అన్నా.

"అది సరేనమ్మా. లోపల ఏముంది?"

"లోపల పైపుంది కదా!" అన్నా. అదీ రాసుకుంది.

గొయ్యి కాకుండా ఇంకేమైనా బాధలున్నాయా అని అడిగింది. ఎంత ఎక్కువ చెబితే పారలు అంత తొందరగా వస్తాయేమోనని నేనూ మొహమాటపడలేదు. కుట్టుమిషను బెల్టు జారిపోవడం, నా దవడ పన్ను సలపరం, వెనక వీధి వాడి ఈల, మీ బావ గురక, అన్నీ చెప్పాను. పెళ్లయినప్పటి నుంచి నా మాట ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదురా. ఏడుపొచ్చేసింది.

మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. వాళ్లూ అంతే శ్రద్ధగా విన్నారు. విన్నాక ఎనిమిది మందీ చెక్క మీద వరసగా నిలబడి గొయ్యిలోకి చూశారు. చెక్క విరిగింది.

ఇప్పుడు నేను మీ బావ కుర్చీ మీద కాలేసి దిగి, అవతల గట్టు పాకి ఎక్కుతున్నా. పారలు ఎప్పుడొస్తాయో కనుక్కో.

ఇట్లు,
నీ అక్క

తా.క.: కుర్చీ అంటే, మీ బావ గొయ్యిలో మడతకుర్చీ వేసుకున్నారు. పేపరు అక్కడే చదువుతున్నారు. మీవాళ్లు ఆయన్ని కూడా అడిగితే "నాకే ఫిర్యాదూ లేదు" అన్నారట. దానికి వాళ్లు చాలా కంగారుపడ్డారు.

*

అక్కకి,

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. వాళ్లు పూడ్చడానికి రాలేదు. వినడం నేర్చుకోవడానికి వచ్చారు. నీ గొయ్యి మా కోర్సుకి పాఠం అయి కూర్చుంది.

నువ్వు చెప్పినవన్నీ నీ పేరు కింద బారెడు పట్టీ రాశారు. అందులో ప్రతి బాధా తీరితేనే నీ ఫైలు మూస్తారు. ఫైలు మూశాకే గొయ్యి మూస్తారు. అన్నిటికంటే పెద్ద ప్రమాదాలకి ఎర్ర గడి అట, బావ గురక అందులో అన్నిటికంటే పైనుంది. ఎందుకంటే రోజూ జరుగుతుంది, ఆపే మార్గం ఎవరికీ తెలియదు. గొయ్యి అట్టడుగున ఉంది.

నేనుండబట్టలేక లేచి, "మేడమ్, ఇద్దరు మనుషులు, రెండు పారలు, ఒక పూట పని" అన్నాను. క్లాసంతా నా వంక జాలిగా చూసింది. "అదిగో, మళ్లీ టెక్నికల్‌గా ఆలోచిస్తున్నారు. పూడ్చడం టెక్నికల్ పని, అది మన విభాగం కాదు" అంది మేడమ్.

ఆవిడ చెడ్డమనిషి కాదక్కా. అదే నన్ను చంపేస్తోంది. నీ సంగతి చెప్పేటప్పుడు నిజంగానే ఆవిడ గొంతు పూడుకుపోతుంది. గొయ్యి మాత్రం పూడదు.

బుధవారం మాకు పరీక్ష. నిజంగా బాధపడ్డవాళ్లెవరో ఒకరు వచ్చి అరుస్తారు, మేం కదలకుండా వినాలి. మార్కులు వేసేది ఆ అరిచినవాళ్లే. నాకు రాత్రిళ్లు నీ గొంతే వినబడుతోంది.

ఇట్లు,
ఎందుకూ కొరగాని
నీ తమ్ముడు

తా.క.: బావని పక్కకి తిరిగి పడుకోమను. ఎర్ర గడి నుంచి పసుపు గడికి దిగుతుంది.

*

ఒరే తమ్ముడూ,

దీవెనలు ఈసారికి నా పేర అప్పు రాసుకో.

పెద్దపంతులమ్మ వచ్చింది. అవతలి గట్టు మీద ఆవిడ, ఇవతలి గట్టు మీద నేను. విరిగిన చెక్కని చూసింది, నన్ను చూసింది. "గురువారం ఇంకోసారి వస్తాను. దారి ఉంటే ఆర్డరు నీదే. లేకపోతే ఏమీ అనుకోకు" అంది. మంచిది కాబట్టి ఆ మాత్రమైనా అంది. ఆ ఆర్డరు పోతే నేను షాపు మూసుకోవాల్సిందే. నాకు భయంగా ఉందిరా. ఇన్నాళ్లూ కోపమనుకున్నా, కాదు, భయమే.

ఆ భయంలో ఏం చేశానో విను. నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చేశాను. ఫిర్యాదే లేకపోతే పూడ్చడానికి అడ్డేముంటుందని. మర్నాడు పన్నెండు మంది వచ్చారు, ఎందుకు వెనక్కి తీసుకున్నానో వినడానికి. అదొక కొత్త బాధ కింద రాసుకుని వెళ్లారు.

వెళ్తూ వెళ్తూ మీ పరీక్షకి నన్నే పిలిచారు. వస్తున్నా. బుధవారం పొద్దున్నే బస్సెక్కుతా. ఇక్కడ ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. అక్కడ మీ మేడమ్ మొహం మీదే ఊదుతా.

ఇట్లు,
నీ బాధితురాలు

తా.క.: మార్కులు నా చేతిలోనే ఉన్నాయట. ఒళ్లు దగ్గర పెట్టుకుని విను.

*

అక్కా,

ఈ ఉత్తరం నీ పెద్ద కత్తెర కింద పెట్టి వెళ్తున్నాను. నువ్వు అటు బస్సులో వెళ్తుంటే నేను ఇటు బస్సులో వచ్చాను. దారిలో నీ బస్సు ఎదురైంది. కిటికీ పక్కన కూర్చుని చేతులు తిప్పుతూ నాలాంటి ఎవణ్నో తిడుతున్నావు. పక్కసీటాయన తల ఊపుతున్నాడు, ఆయనా మా కోర్సే చేశాడేమో.

పరీక్ష ఎగ్గొట్టాను. నీ ఎదురుగా కూర్చుని నువ్వు ఏడుస్తుంటే తల ఊపడం నా వల్ల కాదక్కా. పక్కింటి మేస్త్రీని పారలు అడిగి తెచ్చి, నీ గుమ్మం ముందు మేర బావా నేనూ పూడ్చేశాం. పూట కూడా పట్టలేదు. నా చేతులు బొబ్బలెక్కాయి. పైపు మీద మట్టి పడుతుంటే ఏడుపొచ్చింది, ఇంతేనా అని. ఇంతోటి పనికి ఎంతమందికి చెప్పుకున్నావు!

రేపు పంతులమ్మ నడిచి వస్తుంది. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మట్టి చేతులతో
నీ తమ్ముడు

తా.క.: కుర్చీ తీయమంటే బావ చాలాసేపు తీయలేదు. ఇప్పుడు అరుగు మీద దిగులుగా కూర్చున్నారు. ఇంకేమైనా చెప్పాలని ఉందేమో అడుగు.

*

నా బంగారు తమ్ముడికి అక్క అప్పుతో సహా దీవించి రాసేది,

మీ క్లాసులో గొంతు పోయేదాకా అరిచాను. నువ్వు కనబడకపోయేసరికి ఇంకా గట్టిగా అరిచాను. అయిపోగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మీ మేడమ్ నా రెండు చేతులూ పట్టుకుని ఉద్యోగం ఇస్తానంది. ప్రతి బ్యాచ్‌కీ వచ్చి ఇలాగే అరవాలట, కుట్టుపని కంటే ఎక్కువే ముడుతుందట. ఒకటే షరతు, గొయ్యి అలాగే ఉండాలి. లేకపోతే అరుపులో నిజం ఉండదట. ఆర్డరు ఎలాగూ పోయిందనుకుని సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి చూస్తే గొయ్యి లేదు, నీ ఉత్తరం ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

గురువారం పంతులమ్మ మట్టి మీద దర్జాగా నడిచి వచ్చింది. లోపల కూర్చుని ఆర్డరు కాగితం తీసింది. పెన్ను మూత తీసిందో లేదో బయట మట్టి తవ్వే మిషను చప్పుడు. మీ కంపెనీ వాళ్లు! ప్రజాభిప్రాయం పూర్తిగా వినకుండా పూడ్చిన గొయ్యి చెల్లదట. చూస్తుండగానే మళ్లీ తవ్వేశారు. ఇన్నాళ్లూ పూడ్చలేనివాళ్లు ఇంత చప్పున ఎలా తవ్వారయ్యా అని మిషను నడిపే అతన్ని అడిగాను. "తవ్వడం టెక్నికల్ పనమ్మా, దానికి ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాడు.

పంతులమ్మ ఇవతలే ఇరుక్కుపోయింది. సంతకం పెట్టని కాగితం పట్టుకుని గట్టు మీదికొచ్చి అరిచింది చూడు! బడి మొత్తాన్ని అదుపులో పెట్టిన గొంతది. అవతలి గట్టు మీద మీ కొత్త బ్యాచ్ నిలబడి రాసుకుంటోంది. వాళ్ల మధ్యలో మీ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. నా ఉద్యోగం పోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది. మేడమ్ దాన్ని పంతులమ్మకే ఇచ్చేసింది, ఆవిడ బడి మానేసింది. కొత్తగా వచ్చే పంతులమ్మ ఎవరో, ఎక్కడ కుట్టిస్తుందో తెలియదు. షాపు ఈ నెల నడుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదురా.

నీ మార్కుల కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. "ఈయన మీ మాట విన్నారా?" అని ఉంది అందులో. "విన్నది వీడొక్కడే" అని రాసి పంపాను. గదిలో లేని మనిషి ఎలా వింటాడని మేడమ్ తిప్పి పంపింది. నువ్వు ఫెయిలు. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ కూర్చోవాలట. ఈసారి పరీక్షలో అరిచేది పంతులమ్మ. పాఠం మాత్రం మన గొయ్యే.

మళ్లీ ఎగ్గొట్టు. నేను అన్నం వండి ఉంచుతా.

ఇట్లు,
గొయ్యికి ఇవతల నుంచి,
నీ అక్క

తా.క.: వచ్చేటప్పుడు పార నువ్వే తెచ్చుకో. మీ బావ మళ్లీ కుర్చీ వేసుకున్నారు. మేస్త్రీ పారలు ఎక్కడ దాచారో ఎంత అడిగినా చెప్పడం లేదు.